మెటాసర్ఫేస్ బెస్సెల్ బీమ్: నడిమి చుక్కకు 1 శాతం వెలుగే ఎందుకు, అదీ నిలకడగా ఉండదెందుకు?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. 633 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ కోసం 1 మి.మీ. వ్యాసం, 0.1 ఎన్ఏ (కాంతి ఎంత కోణంలో వంగుతుందో చెప్పే అంకె, ఆ కోణం సైన్) ఉన్న మెటాసర్ఫేస్ యాక్సికాన్ చేయించారు, అంటే కాంతిని అన్ని వైపుల నుంచీ అక్షం వైపు వంచి బెస్సెల్ బీమ్ (నడుమ చుక్క, చుట్టూ రింగులు ఉండే పుంజం) చేసే నానో నిర్మాణాల చిప్. గాజు మీద టైటానియం డైఆక్సైడ్ నానో పలకలు, వాటిని తిప్పుతూ ఫేజ్ (తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పేది) ఇచ్చే రకం. లేజర్‌ను బాగా వెడల్పు చేసి, చిప్ అంతా సమానంగా వెలిగేలా పెట్టారు. సిమ్యులేషన్‌లో దాదాపు 5 మి.మీ. పొడవునా సూదిలాంటి గీత వచ్చింది. తీరా బల్ల మీద పెట్టి చూస్తే నడిమి చుక్కలో మొత్తం పవర్‌లో 1 శాతమే ఉంది, ముందుకు పోయేకొద్దీ దాని వెలుగు పెరుగుతోంది, మధ్యమధ్యలో ఒక పద్ధతి లేకుండా ఎగుడుదిగుడుగా ఊగుతోంది, పైగా 532 నానోమీటర్ల లేజర్ పెట్టినా చుక్క సైజు మారలేదు. చిప్ పాడైందా, మళ్ళీ రాయించాలా అన్నది మీ టెన్షన్. చివర్లో ఎయిరీ బీమ్ గురించి కూడా అడిగారు.

మళ్ళీ రాయించకండి. మీరు చెప్పిన నాలుగు లక్షణాల్లో మూడు అలా ఉండాల్సినవే, అవి లేకపోతేనే నేను అనుమానించేవాణ్ణి. నాలుగోది, అంటే ఆ ఊగడం, పలకల తప్పు కాదనీ, చిప్ అంచు నుంచీ మీరు స్కాన్ చేసిన పద్ధతి నుంచీ వచ్చిందనీ నా అంచనా. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టండి.

ఈ విషయంలో అందరినీ తప్పుదారి పట్టించేది ఆ పేరే. బెస్సెల్ బీమ్‌ను వివర్తనం లేని, అంటే పోయేకొద్దీ పరుచుకోని, కాంతి పుంజం అంటారు. ఆ మాట వినగానే, సన్నటి కాంతి గీత ఒకటి బయల్దేరి, విస్తరించకుండా అలాగే 5 మి.మీ. నడిచి వెళ్తోందని మనసులో బొమ్మ పడిపోతుంది. అలాంటిదేమీ లేదు. మీ చిప్ మీద ప్రతి బిందువూ తన మీద పడ్డ కాంతిని ఒకే కోణంలో అక్షం వైపు వంచుతుంది, మీ కేసులో సుమారు 5.7 డిగ్రీలు. చుట్టూ అన్ని దిక్కుల నుంచీ అదే కోణంలో వచ్చిన తరంగాలు అక్షం దగ్గర కలుస్తాయి, కలిసిన చోట వ్యతికరణం వల్ల ఒక చుక్క, దాని చుట్టూ రింగులు ఏర్పడతాయి. అన్నింటి వాలూ ఒకటే కాబట్టి ముందుకు జరిగేటప్పుడు అన్నింటి ఫేజూ ఒకే రేటున పెరుగుతుంది, వాటి మధ్య తేడా మారదు, అందుకే నమూనా మారదు. లెక్కంతా ఇంతే. చిప్ నుంచి 1 మి.మీ. దూరంలో కనిపించే చుక్కలోని కాంతి వేరు, 3 మి.మీ. దగ్గర కనిపించే చుక్కలోని కాంతి వేరు. మొదటి దానికి వెలుగు చిప్ మధ్య నుంచి 0.1 మి.మీ. దూరంలో ఉన్న వలయం నుంచి వచ్చింది, రెండోదానికి 0.3 మి.మీ. దూరంలో ఉన్న వలయం నుంచి వచ్చింది. చుక్క నడవడం లేదు, పక్కల నుంచి అడుగడుగునా కొత్తగా తయారవుతోంది.

ఇది నమ్మబుద్ధి కాకపోతే ఒక చిన్న ప్రయోగం చేయండి, గంట పని. గాజు స్లయిడ్ మీద 0.25 మి.మీ. వ్యాసార్థం ఉన్న క్రోమ్ చుక్కను తీసుకుని సరిగ్గా చిప్ మధ్యకు అడ్డంగా, చిప్‌కు ఆనించినంత దగ్గరగా పెట్టండి. మామూలు బుద్ధి ఏం చెబుతుంది? నట్టనడుమ మూసేశాం కాబట్టి నడిమి చుక్క మొత్తం పోవాలి. జరిగేది వేరు: మొదటి 2.5 మి.మీ. వరకు చుక్క ఉండదు (అక్షం మీద సన్నగా ఏదో వెలుగు కనిపిస్తే కంగారు పడకండి, అది అడ్డంకి అంచు వల్ల వచ్చే అరాగో చుక్క), ఆ తర్వాత అసలేం జరగనట్టు మళ్ళీ పుట్టుకొస్తుంది. సెల్ఫ్ హీలింగ్ అని గొప్పగా చెప్పేది దీన్నే. ఇందులో మాయేమీ లేదు, నీడ దాటాక పక్కల నుంచి కాంతి అందుతోంది, అంతే. దారిలో 20 మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న మురికి కణం అడ్డొస్తే దాని నీడ 200 మైక్రాన్లలో ముగుస్తుంది, అదే లెక్క: అడ్డంకి వ్యాసార్థాన్ని వాలుతో (మీకు 0.1) భాగించడం.

ఈ బొమ్మ పట్టుబడితే మీ 1 శాతం సంగతి దానంతటదే తేలిపోతుంది. 5 మి.మీ. పొడవుకు సరిపడా వెలుగు పక్కన ఎక్కడో ఒకచోట ఎదురుచూస్తూ ఉండాలి కదా, అదే ఆ రింగులు. మీ బీమ్‌లో రింగుల మధ్య దూరం తరంగదైర్ఘ్యాన్ని రెండు ఎన్ఏలతో భాగిస్తే వచ్చేది, అంటే 3.2 మైక్రాన్లు. సగం దూరంలో, 2.5 మి.మీ. దగ్గర, రింగుల గుంపు వ్యాసార్థం 250 మైక్రాన్లు. సుమారు 80 రింగులు. బెస్సెల్ నమూనాలో ప్రతి రింగూ దాదాపు నడిమి చుక్కంత పవర్ మోస్తుంది, వెలుగు తక్కువగా కనిపించినా చుట్టుకొలత ఎక్కువ కాబట్టి. అంటే మధ్య చుక్కకు వాటా సుమారు 80లో ఒకటి. పూర్తి సమీకరణం వేస్తే సమానంగా వెలిగే చిప్‌కు ఆ దూరంలో దాదాపు 1 శాతం వస్తుంది. మీరు కొలిచింది అదే. మీ చిప్ లెక్క ప్రకారం పనిచేస్తోంది.

దీనికి బదులు ఏం దక్కిందో కూడా చూడండి. మీ చుక్క వెడల్పు, సగం తీవ్రత దగ్గర, తరంగదైర్ఘ్యానికి 0.358 రెట్లను ఎన్ఏతో భాగిస్తే 2.27 మైక్రాన్లు. అదే వెడల్పు చుక్కను మామూలు గాసియన్ బీమ్‌తో (నడుమ ఎక్కువగా, అంచుల వైపు మెల్లగా తగ్గే వెలుగు) తెస్తే దాని రేలీ దూరం, అంటే చుక్క పెద్దగా విస్తరించకుండా ఉండే దూరం, 18 మైక్రాన్లు. 18 మైక్రాన్లు ఎక్కడ, 5 మి.మీ. ఎక్కడ. ఊరికే వచ్చింది కాదు మరి, 99 శాతం పవర్‌ను రింగుల్లో పెట్టి కొనుక్కున్న పొడవు అది. మీకు నిజంగా 5 మి.మీ. కావాలా అని ఒకసారి ఆలోచించుకోండి. ప్రశ్నలో మీ శాంపిల్ మందం 1 మి.మీ. లోపే అని రాశారు. అదే 0.1 ఎన్ఏతో చిప్ వ్యాసార్థం 0.1 మి.మీ.కు తగ్గిస్తే పొడవు 1 మి.మీ. అవుతుంది, నడిమి చుక్క వాటా 5 శాతానికి చేరుతుంది, చుక్క సైజు మాత్రం మారదు. అవసరం లేని పొడవు కోసం వెలుగు పారబోయడం ఈ రంగంలో మామూలైపోయింది, పేపర్లలో పొడవాటి గీత బొమ్మ అందంగా ఉంటుంది కాబట్టి అనుకుంటాను.

రెండోది, ముందుకు పోయేకొద్దీ వెలుగు పెరగడం. దూరం పెరిగేకొద్దీ చుక్కకు వెలుగు పంపే వలయం వ్యాసార్థం పెరుగుతుంది, వలయం పెద్దదైతే దాని మీద పడే కాంతి ఎక్కువ. సమానంగా వెలిగించిన చిప్‌కు అక్షం మీద తీవ్రత దూరంతో పాటు సరళరేఖలా పెరిగి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. గాసియన్‌తో వెలిగిస్తే ఎక్కి, నెమ్మదిగా దిగే గుట్టలా ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఉండే ఆదర్శ బెస్సెల్ బీమ్ ఎప్పటికీ మారదు నిజమే, కానీ దానికి అనంతమైన శక్తి కావాలి, రింగులు అనంతం కాబట్టి. ఈ సంగతి మొదటి నుంచీ తెలిసిందే. 1987లో డర్నిన్, మిచెలి, ఎబర్లీ ప్రయోగం చేసి చూపించినప్పుడు లెన్స్ ముందు సన్నటి వృత్తాకార చీలిక పెట్టారు, అంటే లేజర్ కాంతిలో చాలా భాగం ఆ చీలిక పలక మీదే పోయింది. యాక్సికాన్ అంతకంటే పొదుపైన దారి, అది 1954 నాటికే మెక్‌లియడ్ చెప్పినది.

ఇక అసలు తలనొప్పి, ఆ ఊగడం.

ఇక్కడ నా సొంత అవమానం ఒకటి చెప్పాలి. మీలాగే మొదటి మెటా యాక్సికాన్ చేసినప్పుడు అక్షం మీద తీవ్రత గ్రాఫ్ రంపంలా వచ్చింది. ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీలో (ఎలక్ట్రాన్లతో చిప్ మీద నమూనాను ఫీల్డులనే ముక్కలుగా రాసే పద్ధతి) ఫీల్డ్‌కూ ఫీల్డ్‌కూ మధ్య అతుకు సరిగ్గా పడలేదని తేల్చేశాను, ఎవరినీ అడగకుండానే. రెండుసార్లు మళ్ళీ రాయించాను, సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) బొమ్మల మీద పలకల కొలతలు కూర్చుని లెక్కపెట్టాను, మూడు వారాలు పోయాయి. చిప్‌లో ఏ తప్పూ లేదు. అతుకు దగ్గర 50 నానోమీటర్లు జరిగితే మాత్రం ఏమవుతుంది? 0.1 ఎన్ఏకు ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి 6.33 మైక్రాన్లు పడుతుంది. అందులో 50 నానోమీటర్లు 1 శాతం కూడా కాదు. ఈ భాగహారం మొదటి రోజే చేసి ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవి.

ఊగడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి, ఏదో తెలుసుకోవడానికి ఎగుడుదిగుళ్ల మధ్య దూరం చూస్తే చాలు. మొదటిది, చిప్ వంచకుండా నేరుగా వదిలేసిన కాంతి. అది అక్షం వెంట సూటిగా వచ్చి వాలుగా వచ్చిన దానితో కలిస్తే, ఊగిసలాట ఎక్కడ చూసినా ఒకే దూరంలో ఉంటుంది, మీ అంకెలకు 126 మైక్రాన్లకు ఒకటి. మొన తీరుగా రాని గాజు యాక్సికాన్లలో కనిపించేదీ దాదాపు ఇలాంటిదే, గుండ్రబడ్డ మొన కాంతిని సరైన కోణంలో వంచదు కాబట్టి. రెండోది, చిప్ అంచు. వెలుగు అంచు దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే, ఆ గుండ్రటి అంచు మొత్తం నుంచి వివర్తనమైన తరంగం ఒకేసారి అక్షం మీదకు చేరి అసలు బీమ్‌తో తగవు పెట్టుకుంటుంది. దీని గుర్తు వేరే: మొదట్లో ఎగుడుదిగుళ్లు దగ్గరదగ్గరగా, చిన్నవిగా ఉంటాయి, చివరికి వచ్చేకొద్దీ దూరదూరంగా, పెద్దవిగా మారతాయి. మీ అంకెలతో లెక్కేస్తే సగం దూరం దగ్గర 42 మైక్రాన్లకు ఒకటి, తీవ్రతలో 10 శాతం వరకు. పొడవులో 90 శాతం దాటాక 40 శాతం దాకా పోతుంది.

మీరు ఎంత అడుగుతో స్కాన్ చేశారు? 100 మైక్రాన్లు అని రాశారు. 42 మైక్రాన్లకు ఒకసారి ఊగేదాన్ని 100 మైక్రాన్లకు ఒకసారి చూస్తే ఒక పద్ధతి లేకుండా కాక ఇంకెలా కనిపిస్తుంది? 10 మైక్రాన్ల అడుగుతో మళ్ళీ స్కాన్ చేయండి, కనీసం 2 నుంచి 3 మి.మీ. మధ్య. ఆ గందరగోళం చక్కటి అలగా మారుతుందని పందెం కాయొచ్చు. చూసే ఆబ్జెక్టివ్ ఎన్ఏ 0.1 కంటే బాగా ఎక్కువ ఉండాలి, 0.4 ఉన్న 20 రెట్ల ఆబ్జెక్టివ్ సరిపోతుంది. కెమెరాలో నడిమి చుక్క సాచురేట్ కాకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి, డార్క్ ఫ్రేమ్‌ను (లేజర్ ఆపి తీసిన బొమ్మను) అందులోంచి తీసేయండి. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు, 80 రింగులు పరుచుకున్న ప్రాంతంలో ప్రతి పిక్సెల్‌కూ కొంచెం తప్పుడు వెలుగు కలిస్తే మొత్తం పవర్ లెక్కే మారిపోతుంది.

అంచు సమస్యకు మందు కూడా సులభమే. లేజర్‌ను అంత వెడల్పు చేయకుండా, గాసియన్ తోక చిప్ అంచు చేరేలోపే పలచబడేలా పెట్టండి. లేదంటే తర్వాతి చిప్‌లో బయటి పదో వంతు వ్యాసార్థంలో పలకల కొలతలు క్రమంగా మార్చి, అవి వంచే కాంతిని మెల్లగా సున్నాకు తెండి. కాంతి ఎక్కడా కత్తిరించినట్టు ఆగకూడదు, అది ఒక్కటి చూసుకోండి.

నేరుగా వచ్చే కాంతి సంగతి మీ రకం చిప్‌లో కొంచెం మెలికగా ఉంటుంది. మీ పలక ఒక్కొక్కటీ చిన్న హాఫ్ వేవ్ ప్లేట్, అంటే కాంతి పోలరైజేషన్‌ను (తరంగం ఊగే దిశను) మార్చేది. దాని మీద వృత్తాకార పోలరైజేషన్ ఉన్న (ఊగే దిశ కుడికో ఎడమకో గుండ్రంగా తిరుగుతూ ఉండే) కాంతి పడితే కుడి చేతిది ఎడమ చేతిదిగా మారుతుంది, పలకను ఎంత కోణం తిప్పితే దానికి రెండింతల ఫేజ్ దానికి అంటుకుంటుంది. ఎత్తూ మందమూ మార్చక్కర్లేదు, తిప్పితే చాలు. దీని మూలం 1956లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో పంచరత్నం రాసిన పేపర్. ఆయన అప్పుడు స్ఫటికాల గుండా పోలరైజ్డ్ కాంతి ప్రయాణం గురించి ఆలోచిస్తున్నారు, నానో పలకలు ఎవరి ఊహలోనూ లేవు. తర్వాత 1984లో బెర్రీ క్వాంటమ్ యాంత్రికశాస్త్రంలో అదే కోవ ఫేజ్‌ను రాశాక ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తున్నారు. మీ చిప్‌లో దీన్ని కళ్ళారా చూడొచ్చు: పలకల మధ్య దూరం 350 నానోమీటర్లు అన్నారు, కాబట్టి మధ్య నుంచి బయటికి ఒక వరుస పట్టుకుని సెమ్‌లో చూస్తూ పోతే ప్రతి పలకా దాని ముందుదాని కంటే సుమారు 10 డిగ్రీలు తిరిగి ఉంటుంది, పద్దెనిమిదో దాని తర్వాత మళ్ళీ మొదటిది నిలబడ్డట్టే నిలబడుతుంది. అలాంటివి మొత్తం సుమారు 64 లక్షలు. నాకు ఇప్పటికీ ఆ వరుస చూస్తే ఒక నిమిషం పని ఆగిపోతుంది.

ఈ పద్ధతిలో గొప్ప సుగుణం ఏమిటంటే పలక సైజు కాస్త తప్పినా ఫేజ్ తప్పదు, మారే కాంతి శాతం మాత్రమే తగ్గుతుంది. మారకుండా మిగిలిన కాంతి మొదటి చేతి పోలరైజేషన్‌లోనే ఉంటుంది, కాబట్టి సూత్రప్రకారం అది మీ బెస్సెల్ బీమ్‌తో వ్యతికరణం చెందదు, వెనక సన్నటి తెరలా కలుస్తుంది, అంతే. చిప్ తర్వాత క్వార్టర్ వేవ్ ప్లేటు (వృత్తాకార పోలరైజేషన్‌ను సరళరేఖగా, సరళరేఖను వృత్తాకారంగా మార్చే పలక), పోలరైజర్ పెట్టి దాన్ని ఆపేయొచ్చు. కానీ లోపలికి పంపే వృత్తాకార పోలరైజేషన్ శుద్ధంగా లేకపోతే రెండో చేతి కాంతి కొంత కలుస్తుంది. అందులో మారినదానికి ఫేజ్ గుర్తు తిరగబడి బయటికి విచ్చుకుపోతుంది, మారనిది మాత్రం మీ బీమ్ చేతిలోనే నేరుగా వచ్చి, పోలరైజర్‌ను కూడా దాటుకుని, 126 మైక్రాన్ల ఊగిసలాట తెస్తుంది. మీ అంకెలకు అది చిన్నదే, అక్షం మీద బెస్సెల్ తీవ్రత పడే కాంతికి వెయ్యి రెట్లు దాటి ఉంటుంది కాబట్టి. గ్రాఫ్‌లో ఆ 126 కనిపిస్తే మాత్రం ముందున్న క్వార్టర్ వేవ్ ప్లేటును అనుమానించండి.

532 నానోమీటర్ల దగ్గర చుక్క మారకపోవడానికి కారణం కూడా ఈ తిప్పుడే. పలకల కోణాలు చిప్ మీద చెక్కినవి, తరంగదైర్ఘ్యంతో మారవు. 6.33 మైక్రాన్లకు ఒక చుట్టు అనేది ఏ రంగుకైనా అంతే. రింగుల దూరాన్నీ చుక్క వెడల్పునూ నిర్ణయించేది ఆ 6.33 ఒక్కటే. రంగు మారితే వంగే కోణం మారుతుంది: 532కి ఎన్ఏ 0.084 అవుతుంది, కోణం తగ్గింది కాబట్టి పొడవు 5 నుంచి 5.9 మి.మీ.కు పెరుగుతుంది. దాన్నీ కొలిచి చూడండి. 2017లో హార్వర్డ్‌లోని కపాసో బృందం టైటానియం డైఆక్సైడ్ పలకలతో 0.9 ఎన్ఏ వరకు మెటా యాక్సికాన్లు చేసినప్పుడు ప్రధానంగా చూపించిన లక్షణం ఇదే. అయితే వాళ్ళలా 0.9కి వెళ్ళాలనుకుంటే మీ 350 నానోమీటర్ల దూరం పనికిరాదు. 633 దగ్గర ఫేజ్ చుట్టు 703 నానోమీటర్లకే పూర్తవుతుంది, చుట్టుకు రెండు పలకలే పడతాయి, శాంప్లింగ్ (ఒక చుట్టును ఎన్ని పలకలతో పట్టుకుంటున్నాం అన్నది) సరిగ్గా హద్దు మీద ఉంటుంది. పక్కపక్క పలకల మధ్య 90 డిగ్రీల తేడా ఉంటే ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడి లైబ్రరీలో (ముందే సిమ్యులేట్ చేసి పెట్టుకున్న పలకల పట్టికలో) ఒంటరిగా లెక్కేసిన అంకెలు నమ్మడానికి లేకుండా పోతాయి.

మెటాసర్ఫేస్ అసలు అవసరమా అని కూడా అడిగారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: 0.1 ఎన్ఏ, మామూలు బెస్సెల్ బీమ్, ఒకే రంగు, చోటుకు కొదవ లేదు అంటే గాజు యాక్సికాన్ కొనుక్కోండి, మూల కోణం సుమారు 12 డిగ్రీలు ఉన్నది సరిపోతుంది. ఎస్ఎల్ఎం (పిక్సెల్ పిక్సెల్‌కూ ఫేజ్‌ను కంప్యూటర్‌తో మార్చుకునే తెర) ఉంటే ప్రయోగాలకు ఇంకా మంచిది, కాకపోతే 8 మైక్రాన్ల పిక్సెల్‌తో 633 దగ్గర 0.04 ఎన్ఏ దాటలేరు, దాటాలంటే టెలిస్కోప్‌తో కుదించాలి. ఆకారం ఇంకా తేలని దశలో నేనైతే ముందు ఎస్ఎల్ఎం మీద నాలుగు రకాలు చూసి, నచ్చినదాన్నే మెటాసర్ఫేస్‌గా రాయిస్తాను. మెటాసర్ఫేస్ దాని ఖర్చుకు న్యాయం చేసేది ఎక్కడంటే, గాజు యాక్సికాన్‌లో సంపూర్ణాంతర పరావర్తనం అడ్డుపడేంత పెద్ద కోణాలు కావాలన్నా, ఫైబర్ కొసన కూర్చోబెట్టాలన్నా, లెన్సూ యాక్సికానూ సుడి ఫేజూ అన్నీ ఒకే పొరలో కలిపేయాలన్నా, లేదా వలయానికో రకంగా ఫేజును మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోవాలన్నా.

ఈ చివరిదే అసలు ఆకారం దిద్దడం, మీరు దానికి ఇంకా రాలేదు. ప్రతి దూరానికీ వెలుగు పంపేది ఒక్కో వలయం అన్నాం కదా, అంటే చిప్ మీద వ్యాసార్థమే మీకు అక్షం మీద దూరం. ఆ వలయం ఎంత వెలుగు పంపాలో, ఏ కోణంలో పంపాలో మార్చితే ఆ దూరంలోని చుక్క మారుతుంది. పెరుగుతూ పోయే తీవ్రతను చదును చేయాలంటే రెండు దారులున్నాయి. బయటి వలయాలు వంచే కాంతిని వ్యాసార్థానికి విలోమంగా తగ్గించుకుంటూ పోవడం ఒకటి, చుక్క సైజు నిలకడగా ఉంటుంది కానీ వెలుగు పారబోస్తున్నాం. రెండోది వెలుగు వదలకుండా కోణాన్నే మెల్లగా మార్చడం, లాగరిథమిక్ యాక్సికాన్ అనేది అదే, అప్పుడు తీవ్రత చదునుగా వస్తుంది కానీ చుక్క వెడల్పు పొడవునా మారుతూ పోతుంది. తీవ్రత, వెడల్పు, పొదుపు మూడూ కావాలంటే కుదరదు. కొలతలకైతే మొదటి దారి, పవర్ తక్కువగా ఉన్న చోట రెండోది అని నా అలవాటు.

మీ ఉపయోగం లైట్ షీట్ మైక్రోస్కోపీ (శాంపిల్‌ను పక్క నుంచి పలుచటి వెలుగు పొరతో వెలిగించి చూడటం) అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మొదటి రింగు తీవ్రత నడిమి చుక్కలో 16 శాతం. మామూలు ఫ్లోరెసెన్స్‌లో రింగులన్నీ కలిసి ఫోకస్ బయట ఉన్నవాటిని కూడా వెలిగిస్తాయి, కాంట్రాస్ట్ పాడవుతుంది. రెండు ఫోటాన్ల ఉత్తేజంతో అయితే సిగ్నల్ తీవ్రత వర్గంతో పోతుంది, 16 కాస్తా 2.6 శాతానికి దిగుతుంది. ఆ సౌకర్యం లేకపోతే బెస్సెల్ ఎంచుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఎయిరీ బీమ్ సంగతి క్లుప్తంగా. 1979లో బెర్రీ, బలాజ్ క్వాంటమ్ కణానికి రాసిన పరిష్కారం అది, 2007లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో క్రిస్టోడౌలీడిస్ బృందం కాంతితో చేసి చూపించింది. బీమ్ పారాబోలాలా వంగినట్టు కనిపిస్తుంది, కానీ వంగేది ప్రధాన శిఖరం మాత్రమే, మొత్తం శక్తి కేంద్రం సూటిగానే పోతుంది. కథ మళ్ళీ అదే, శిఖరాన్ని పక్క నుంచి వచ్చే తరంగాలు అడుగడుగునా కొత్తగా కడుతున్నాయి, కాకపోతే ఈసారి ఒక వైపు నుంచే. చిప్ మీద ఘన ఫేజ్ (మధ్య నుంచి దూరం మూడో ఘాతంతో మారేది), దానికి లెన్స్ ఫేజ్ కలిపి రాస్తారు. జాగ్రత్త పడాల్సింది ఒకటి: యాక్సికాన్‌లో ఫేజ్ వాలు అంతటా ఒకటే, ఎయిరీలో మధ్య నుంచి దూరం వర్గంతో పెరుగుతుంది. ఒక మూలలో లెన్స్ వాలూ ఘన వాలూ కలిసి భారీగా తయారవుతాయి, ఎదుటి మూలలో ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. శాంప్లింగ్ సరిపోయిందా అని చూసేటప్పుడు చాలామంది మధ్యలో చూసి వదిలేస్తారు, ఆ చెడ్డ మూలనే చూడాలి. ఇంకా, మీ తిప్పుడు పలకలతోనే చేస్తే, పోలరైజేషన్ చేయి మారినప్పుడు ఘన ఫేజుతో పాటు లెన్స్ గుర్తు కూడా తిరగబడి కాంతి విచ్చుకుపోతుంది, బీమ్ రాలేదని చిప్‌ను తిట్టుకునే ముందు క్వార్టర్ వేవ్ ప్లేటును 90 డిగ్రీలు తిప్పి చూడండి.

ప్రస్తుతానికి 10 మైక్రాన్ల అడుగుతో 2 నుంచి 5 మి.మీ. దాకా స్కాన్ చేసి ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, పక్కనే అదే స్కాన్ లేజర్ వెడల్పు తగ్గించి ఇంకోసారి. రెండూ పక్కపక్కన చూస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు.